జన్యువు మీద గుర్తు

వరంగల్ చుట్టుపక్కల పత్తి వేసేవాళ్లకు పిండినల్లిని పరిచయం చేయక్కర్లేదు. లేత కొమ్మ మీద, ఆకు కాడ దగ్గర, కాయ మొదట్లో తెల్లటి పొడిగా కనిపిస్తుంది. వేలితో రుద్దితే మైనం అంటుకుంటుంది. ఆ మైనం కింద మెత్తటి పురుగు కదలకుండా రసం పీలుస్తూ ఉంటుంది. కొట్టిన మందు ఆ పూత దాటి ఒంటికి సరిగా తగలదు. పురుగు వదిలే తీపి జిగురుకు చీమలు చేరతాయి, జిగురు మీద నల్లబూజు పెరిగి ఆకు మసిబారుతుంది. ఇదంతా ఆడపురుగు పని. మగది ఎవరి కంటా పడదు. దోమకన్నా చిన్నది, ఒక జత రెక్కలు, తినడానికి నోరు కూడా ఉండదు. జత కట్టి కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. రెండింటినీ పక్కపక్కన పెడితే ఒకే తల్లి పిల్లలని ఎవరూ నమ్మరు.

ఇంత తేడా ఉన్నా వాటి క్రోమోజోములు మాత్రం ఒకటే. మనుషుల్లో ఉన్నట్టు ఎక్స్, వై అనే తేడా పిండినల్లికి లేదు. నిమ్మజాతి చెట్ల మీద పెరిగే ప్లానోకాకస్ సిట్రి అనే పిండినల్లినే తీసుకుంటే, ఆడకైనా మగకైనా పదే క్రోమోజోములు: తల్లి నుంచి అయిదు, తండ్రి నుంచి అయిదు. మరి తేడా ఎక్కడుంది? మగ పురుగు కణాలకు రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే తెలుస్తుంది. అయిదు క్రోమోజోములు మామూలుగా పరుచుకుని ఉంటాయి. మిగతా అయిదూ దగ్గరికి ముడుచుకుపోయి, చిక్కగా రంగు పట్టి, ఒక ముద్దగా ఉంటాయి. ముద్దయిన ఆ అయిదూ తండ్రి ఇచ్చినవే.

అవి తండ్రివేనని ఎలా తెలిసిందో చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ ప్రయోగం చాలా అందమైనది. కాలిఫోర్నియాలో స్పెన్సర్ బ్రౌన్, వాల్టర్ నెల్సన్-రీస్ దాన్ని 1961లో ప్రచురించారు. మగ పురుగులను ఎక్స్ కిరణాలకు గురిచేసి, వాటి క్రోమోజోములకు తూట్లు పొడిచి, తర్వాత ఆడపురుగులతో జతకట్టించారు. పుట్టిన కూతుళ్లు చచ్చిపోయాయి, కొడుకులు బతికాయి. తల్లులను అలాగే కిరణాలకు గురిచేస్తే కూతుళ్లూ చచ్చాయి, కొడుకులూ చచ్చాయి. అంటే కొడుకు ఒంట్లో తండ్రి క్రోమోజోములు ఉన్నా వాటితో పని లేదు. అవి పాడైనా ఆ పురుగుకు ప్రాణగండం లేదు. అది బతికేదంతా తల్లి ఇచ్చిన అయిదింటి మీదే.

ఇంకో అడుగు వేస్తే సంగతి మరింత చిత్రంగా ఉంటుంది. మగ పురుగు వీర్యకణాలు తయారుచేసుకునేటప్పుడు ఆ ముద్దను వదిలేస్తుంది. తన తల్లి నుంచి వచ్చిన అయిదింటినే పిల్లలకు పంపుతుంది. తన ఒంట్లో జీవితమంతా తెరుచుకుని పనిచేసిన ఆ అయిదు క్రోమోజోములే, కొడుకు ఒంట్లోకి వెళ్లేసరికి ‘తండ్రి’వై ముడుచుకుపోతాయి. డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారలేదు. మారిందల్లా అవి ఎవరి చేతి మీదుగా వచ్చాయన్నది. ఆ వచ్చిన దారిని గుర్తుపెట్టే ఏదో ఒక ముద్ర ఆ క్రోమోజోముల మీద ఉండి తీరాలి. అక్షరాలు మారకుండా జన్యువులు తెరుచుకోవడం, మూసుకోవడం, ఆ స్థితి కణం నుంచి కణానికి, కొన్నిసార్లు తరం నుంచి తరానికి అందడం: దీన్ని చదివే శాస్త్రమే ఎపిజెనెటిక్స్.

మన దేశంలో ఈ పురుగును పట్టుకుని ఏళ్ల తరబడి కూర్చున్నది బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో హెచ్. శరత్ చంద్ర, వాణీ బ్రహ్మచారి. వాళ్ల దగ్గర ఈ పని చేసినవారిలో సంజీవ్ ఖోస్లా ఒకరు. ఆయన తర్వాత ఇంగ్లండ్‌లో ఉల్ఫ్ రైక్ బృందంతో ఎలుక పిండాల మీద పనిచేసి, హైదరాబాద్ వచ్చి, డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ సంస్థ సీడీఎఫ్‌డీలో క్షీరదాల జన్యుశాస్త్ర ప్రయోగశాల నడిపారు. పత్తి చేలో మనం తిట్టుకునే పురుగు నుంచి మొదలైన ఆ దారి క్షయవ్యాధి దాకా ఎలా వెళ్లిందో కాసేపట్లో చెప్తాను. ముందు ఆ గుర్తులేమిటో చూడాలి.

మన కణం ఒక్కొక్కదానిలో ఉన్న డీఎన్‌ఏను సాగదీస్తే దాదాపు 2 మీటర్లు. అది ఉండాల్సిన కేంద్రకం మిల్లీమీటరులో నూరోవంతు కూడా లేదు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లు నూలును కండెలకు చుట్టిపెట్టుకున్నట్టే, కణం డీఎన్‌ఏను హిస్టోన్లు అనే ప్రోటీన్ల గుత్తికి చుట్టిపెడుతుంది. ఒక్కో గుత్తి చుట్టూ 147 జతల అక్షరాల పొడవున, ఒకటిన్నర చుట్టుకు కాస్త ఎక్కువ. అలాంటివి ఒక్కో కణంలో కోట్లలో ఉంటాయి. గట్టిగా చుట్టుకుని దగ్గర దగ్గరగా చేరిన చోట జన్యువును చదివే యంత్రాంగం లోపలికి దూరలేదు. వదులైన చోట దూరుతుంది. ఎక్కడ బిగించాలో ఎక్కడ వదలాలో చెప్పేవే గుర్తులు. కొన్ని గుర్తులు హిస్టోన్ల మీద పడతాయి. ఇంకొన్ని నేరుగా డీఎన్‌ఏ మీద పడతాయి: సైటోసిన్ అనే అక్షరానికి ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లున్న మిథైల్ ముక్క అతుక్కుంటుంది. క్షీరదాల్లో ఇది ఎక్కువగా సైటోసిన్ పక్కన గ్వానిన్ ఉన్న చోటే జరుగుతుంది. జన్యువు మొదట్లో ఈ మిథైల్ గుర్తులు గుమిగూడితే ఆ జన్యువు మౌనంగా ఉండిపోతుంది. కాలేయ కణంలోనూ మెదడు కణంలోనూ ఒకే డీఎన్‌ఏ ఉండి కూడా ఒకటి కాలేయంగా, మరొకటి మెదడుగా జీవితాంతం నిలబడేది ఈ గుర్తుల వల్లే.

ఇదేదో జంతువుల సంగతే అనుకోకూడదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బండ్లలో వచ్చే పత్తి కూడా ఇలాంటి ఒక గుర్తు చెరిగిపోవడం వల్ల మనకు దక్కింది. మన దగ్గర ఇప్పుడు పండే పత్తి చాలావరకు అమెరికా ఖండపు జాతి. దాని అడవి రూపం పగటిపొద్దు తగ్గితేనే పూత పడుతుంది. పొద్దు ఎక్కువున్న రోజుల్లో ఎంత పెరిగినా పూయదు. సాగులోకి వచ్చిన పత్తి అలా కాదు, పొద్దుతో నిమిత్తం లేకుండా పూస్తుంది. అందుకే అది ఉష్ణమండలం దాటి ప్రపంచమంతా పాకింది. టెక్సాస్‌లో జెఫ్రీ చెన్ బృందం అడవి పత్తినీ సాగు పత్తినీ పక్కపక్కన పెట్టి మిథైల్ గుర్తులు లెక్కగట్టి 2017లో ప్రచురించింది. రెండింటి మధ్య గుర్తులు మారిన జన్యువులు అయిదు వందలకు పైగా దొరికాయి. పూతకు సంబంధించిన సీఓఎల్2 అనే జన్యువు అడవి పత్తిలో మిథైల్ గుర్తులతో మూతపడి ఉంది. సాగు పత్తిలో ఆ గుర్తులు పోయి జన్యువు తెరుచుకుంది. వేల ఏళ్ల కింద మెక్సికో ప్రాంతపు రైతులు, ముందుగా పూసిన మొక్క గింజలను దాచుకుంటూ, తమకు తెలియకుండా ఎంచుకున్నవాటిలో ఈ చెరిగిన గుర్తు ఒకటి. విత్తనం అంటే డీఎన్‌ఏ అక్షరాలే అనుకుని కొత్త వంగడాలు చేస్తున్న మనం ఈ సంగతి ఇంకా పట్టించుకోవాల్సినంత పట్టించుకోలేదని నాకనిపిస్తుంది.

గుర్తును కంటితో చూడలేం. మరి ప్రయోగశాలలో దాన్ని ఎలా చదువుతారు? కాకతీయలోనో ఉస్మానియాలోనో ఎమ్మెస్సీ చేసి పీహెచ్‌డీకి చేరిన పిల్లలు ఎపిజెనెటిక్స్ ల్యాబులో మొదట్లోనే నేర్చుకునే పని ఒకటుంది: బైసల్ఫైట్ చర్య. కణాల నుంచి తీసిన డీఎన్‌ఏను సోడియం బైసల్ఫైట్ ద్రావణంలో కలిపి గంటల తరబడి వేడిలో ఉంచుతారు. మిథైల్ లేని సైటోసిన్ ఆ చర్యలో యురాసిల్‌గా మారిపోతుంది. మిథైల్ ఉన్న సైటోసిన్ చెక్కుచెదరదు. తర్వాత ఆ డీఎన్‌ఏను చదివిస్తే, మారినవన్నీ ‘టి’గా, మారనివి ‘సి’గా వస్తాయి. ఎక్కడ ‘సి’ మిగిలిందో అక్కడ గుర్తు ఉన్నట్టు. ఆస్ట్రేలియాలో మరియాన్ ఫ్రామర్, సహచరులు 1992లో ఈ పద్ధతి ఇచ్చారు. వినడానికి తేలిక, చేయడానికి ఓపిక కావాలి. ఆ ద్రావణం డీఎన్‌ఏను ముక్కలు చేస్తుంది, చాలాభాగం పోతుంది. చర్య సగంలో ఆగితే మిథైల్ లేని చోట కూడా ‘సి’ మిగిలి, లేని గుర్తు ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే మిథైల్ లేదని ముందే తెలిసిన నమూనాను పక్కన పెట్టి సరిచూసుకోకుండా ఏ ఫలితాన్నీ నమ్మరు.

గచ్చిబౌలిలో యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో శ్రీనివాసులు కురుకుటి ప్రయోగశాల చదివేది ఇంకో రకం గుర్తును: కేంద్రకం లోపల డీఎన్‌ఏ మడతలను. ఆయన పేరు ఈ రంగంలో నిలబెట్టిన పని స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయంలో రోల్ఫ్ ఓల్సన్ బృందంలో ఉండగా చేసింది, 2006లో వచ్చింది. అది ఐజీఎఫ్2 అనే జన్యువు గురించి. పిండం పెరగడానికి కావలసిన ఒక ప్రోటీనును ఆ జన్యువు చేయిస్తుంది. మన అందరిలోనూ అది రెండు ప్రతుల్లో ఉంటుంది, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. కానీ పిండంలో పనిచేసేది నాన్న ప్రతి మాత్రమే. పిండినల్లిలో తండ్రి వాటా అంతా మూతపడితే, ఇక్కడ ఈ ఒక్క జన్యువులో అమ్మ ప్రతి మూతపడింది. ఇలా ఒక వైపు నుంచి వచ్చిందే పనిచేసే జన్యువులు మనుషుల్లో నూరు దాకా ఉన్నాయి.

ఐజీఎఫ్2కు కొంత దూరంలో ఒక నియంత్రణ ప్రాంతం ఉంది. నాన్న క్రోమోజోములో ఆ ప్రాంతం నిండా మిథైల్ గుర్తులుంటాయి. అమ్మ క్రోమోజోములో ఉండవు. గుర్తులు లేని చోట సీటీసీఎఫ్ అనే ప్రోటీను వచ్చి కూర్చుంటుంది. అది కూర్చుంటే ఐజీఎఫ్2ను లేపాల్సిన డీఎన్‌ఏ భాగం దాన్ని అందుకోలేదు. ఎందుకు అందుకోలేదన్నదే ప్రశ్న. కురుకుటి, సహచరులు కేంద్రకంలో ఏ ముక్క ఏ ముక్క పక్కన ఉందో చూశారు. దానికి పద్ధతి ఇది: కణాలను ఫార్మాల్డిహైడ్‌లో పెడితే దగ్గర దగ్గరగా ఉన్నవి అతుక్కుపోతాయి. తర్వాత డీఎన్‌ఏను ఎంజైముతో నరుకుతారు, మరో ఎంజైముతో పక్కపక్క కొసలను కలుపుతారు. దూరపు ముక్కలు రెండు కలిసి దొరికాయంటే అవి కేంద్రకంలో పక్కపక్కన ఉన్నవేనన్నమాట. అమ్మ క్రోమోజోములో సీటీసీఎఫ్ డీఎన్‌ఏను మడిచి, ఐజీఎఫ్2ను ఆ మడతలో బిగించి, లేపే భాగానికి అందకుండా చేస్తోందని తేలింది. ఒక మిథైల్ గుర్తు ఉండటం, లేకపోవడం అనే చిన్న తేడా క్రోమోజోము ఆకారాన్నే మార్చేస్తోంది. ఈ గుర్తులు తారుమారైతే బిడ్డ మీద ప్రభావం కంటికి కనిపిస్తుంది. రెండు ప్రతులూ పనిచేస్తే బిడ్డ అతిగా పెరుగుతుంది, అది బెక్‌విత్-వీడెమాన్ లక్షణసముదాయం. నాన్న ప్రతి కూడా మూగబోతే బిడ్డ కడుపులోనే గిడసబారిపోతుంది, అది సిల్వర్-రస్సెల్.

ఖోస్లా ఇంగ్లండ్‌లో ఉండగా 2001లో ప్రచురించిన పని కూడా ఈ జన్యువు దగ్గరికే వస్తుంది. గర్భంలో నాటడానికి ముందు ఎలుక పిండాలను గాజుపాత్రలో, ఆవుదూడ సీరం కలిపిన ద్రవంలో పెంచితే, తర్వాత ఆ పిండాలు బరువు తగ్గాయి, ఐజీఎఫ్2, దాని పొరుగు జన్యువు హెచ్19 పనితీరు మారింది. కొద్ది రోజులు, అదీ పిండం ఇంకా కంటికి ఆననంత చిన్నగా ఉన్నప్పుడు, చుట్టూ ఉన్న ద్రవం మారితే గుర్తు మారింది. ఊరూరా సంతాన సాఫల్య కేంద్రాలు వెలసిన ఈ రోజుల్లో, పిండాన్ని పెంచే ద్రవంలో ఏముండాలన్న విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకో ఇలాంటి పనుల వల్లే తెలిసింది.

హబ్సిగూడ వైపు వస్తే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. అక్కడ రాకేశ్ మిశ్రా ప్రయోగశాల ఏళ్ల తరబడి పండ్ల ఈగల మీద పనిచేసింది. ఈగ పిండంలో ఏ ఖండం ఛాతీ కావాలో, ఏది పొట్ట కావాలో మొదటి కొద్ది గంటల్లోనే నిర్ణయమైపోతుంది. ఆ నిర్ణయం చేసిన ప్రోటీన్లు తర్వాత కనుమరుగవుతాయి. కానీ కణాలు ఆ మాట జీవితాంతం మరిచిపోవు. పాలీకోంబ్ అనే ప్రోటీన్ల గుంపు మూసినవాటిని మూసే ఉంచుతుంది. ఒక జన్యువు హద్దు దాటి మూత పక్క జన్యువు మీదికి పాకకుండా డీఎన్‌ఏలోనే సరిహద్దు భాగాలుంటాయి. ఆ సరిహద్దులు ఎలా పనిచేస్తాయన్నది మిశ్రా బృందం పని. సరిహద్దు తీసేస్తే ఈగ పొట్టలో ఒక ఖండం తన పక్క ఖండం రూపు దాలుస్తుంది.

ఇక క్షయ. ప్రపంచంలో క్షయ పడేవాళ్లలో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఆ సూక్ష్మజీవి బలం దాని విషంలో లేదు, దాని మొండితనంలో ఉంది. మన ఊపిరితిత్తుల్లో సూక్ష్మజీవులను మింగి చంపేయడానికే ఉన్న కణాలు మాక్రోఫేజీలు. క్షయ బాక్టీరియా వాటిలోకే వెళ్లి, వాటిలోనే కాపురం పెడుతుంది. మింగిన కణం ఆక్సిజన్ నుంచి చురుకైన విషపదార్థాలు తయారుచేసి దాన్ని కాల్చేయాలి. కానీ కాల్చడం లేదు. ఎందుకు?

ఖోస్లా ప్రయోగశాల ఈ ప్రశ్నను ఎపిజెనెటిక్స్ వైపు నుంచి అడిగింది. బాక్టీరియా తన ప్రోటీనును మన కణ కేంద్రకంలోకి పంపి మన గుర్తులనే మారుస్తోందా? సీడీఎఫ్‌డీ బృందం, ఢిల్లీలో వినయ్ నందికూరితో కలిసి 2015లో ఇచ్చిన జవాబు: అవును, మారుస్తోంది. క్షయ బాక్టీరియా విడుదల చేసే ఆర్‌వీ1988 అనే ప్రోటీను మాక్రోఫేజీ కేంద్రకంలోకి వెళ్తుంది. అక్కడ హెచ్3 అనే హిస్టోనులో 42వ స్థానంలో ఉన్న ఆర్జినిన్‌కు మిథైల్ గుర్తు తగిలిస్తుంది. సాధారణంగా గుర్తులు పడేది హిస్టోన్ల నుంచి బయటికి వేలాడే కొసల మీద. ఈ 42వ స్థానం కొస కాదు. డీఎన్‌ఏ చుట్టు మొదలయ్యే, ముగిసే చోటు దగ్గర, గుత్తి గర్భంలో ఉంటుంది. అక్కడ గుర్తు పడితే ఆ చుట్టు పక్కనున్న జన్యువులు అణగిపోతాయి. అణగిపోయిన వాటిలో, బాక్టీరియాను కాల్చే విషపదార్థాలు తయారుచేసే జన్యువులే ఉన్నాయి. జబ్బు చేయని ఒక దగ్గరి జాతి బాక్టీరియాకు ఈ ప్రోటీనును ఎక్కిస్తే, అది కూడా మన కణాల్లో ఎక్కువ కాలం బతకగలిగింది.

ఇదే ప్రయోగశాల మరో ప్రోటీను ఆర్‌వీ2966సీ మన డీఎన్‌ఏ మీదే, అదీ మన కణాలు మామూలుగా గుర్తు పెట్టని చోట్ల, మిథైల్ తగిలిస్తుందని కూడా చూపింది. మన దొడ్లోకి వచ్చిన దొంగ మన తాళాలనే మార్చేస్తున్నాడు. తాళం ఎక్కడ మారిందో తెలిసింది కాబట్టి, దాన్ని అడ్డుకునే మందు వెతకడానికి ఒక చోటు దొరికింది. మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగని క్షయ ఎక్కువగా ఉన్న దేశంలో ఇది చిన్న సంగతి కాదు. ఖోస్లా తర్వాత చండీగఢ్‌లో సూక్ష్మజీవ సాంకేతిక సంస్థ డైరెక్టరుగా వెళ్లారు. నందికూరి సీసీఎంబీ డైరెక్టరయ్యారు.

గుర్తులను చెరిపే మందులు ఇప్పటికే ఉన్నాయి. 1960లలో చెకొస్లొవాకియాలో తయారైన అజాసైటిడిన్‌ను కణాలకు ఇస్తే వాటి స్వభావమే మారిపోతోందని, మిథైల్ గుర్తులు చెరగడమే కారణమని పీటర్ జోన్స్, షర్లీ టేలర్ 1980లో చూపించారు. 2004లో అమెరికాలో ఎముక మజ్జ జబ్బుకు దీన్ని అనుమతించారు. 2013లో దాని జెనరిక్‌ను అమెరికా మార్కెట్లోకి తెచ్చింది మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీసే.

ఇంతకీ ఈ మిథైల్ ముక్క కణానికి ఎక్కడి నుంచి వస్తుంది? తిండి నుంచి. ఇక్కడ ఒక తెలుగువాడి పేరు చెప్పకుండా ముందుకు పోలేం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అన్నదమ్ములు ఇద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. ఆయన కూడా ఆ జబ్బు పడి లేచారు. అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకు మందు అదే. గర్భిణికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నదీ అదే. ఆకుకూరల్లో, పప్పుల్లో సహజంగా ఉండే ఈ ఫోలేట్ ఒంట్లో ఒక్కో కార్బన్‌ను మోసుకొచ్చి అందిస్తుంది. దాన్ని అందుకుని ముందుకు పంపే చోట బీ12 విటమిన్ కావాలి. చివరికి తయారయ్యే ఎస్-ఎడినోసిల్ మిథియోనిన్ నుంచే డీఎన్‌ఏకు, హిస్టోన్లకు మిథైల్ అందుతుంది. సుబ్బారావు 1948లో పోయారు. డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తు జన్యువులను ఆపుతుందన్న ఆలోచనే 1970ల దాకా రాలేదు. తాను చేసిన మందు ఆ గుర్తులకు ముడిసరుకు అని తెలుసుకునే అవకాశం ఆయనకు దక్కలేదు.

తిండితో గుర్తు మారుతుందని కంటికి కట్టినట్టు చూపింది అమెరికాలో రాబర్ట్ వాటర్‌ల్యాండ్, రాండీ జర్టల్ 2003లో చేసిన పని. అగౌటి అనే జన్యువు ఎప్పుడూ తెరుచుకుని ఉండే ఎలుకలు పసుపు రంగులో, లావుగా పుడతాయి. తల్లి ఎలుకకు గర్భానికి ముందు నుంచీ ఫోలిక్ ఆమ్లం, బీ12, కోలిన్, బీటైన్ కలిపిన మేత పెడితే, అదే జన్యువున్న పిల్లల్లో గోధుమరంగువి పెరిగాయి. మనుషుల్లో ఆధారం ఒక విషాదం నుంచి వచ్చింది. 1944-45 చలికాలంలో జర్మన్ దిగ్బంధంలో హాలండ్ ఆకలితో మాడింది. ఆ నెలల్లో కడుపున పడ్డవాళ్లలో, అరవై ఏళ్లు గడిచాక కూడా, ఐజీఎఫ్2 మీద మిథైల్ గుర్తులు వాళ్ల తోబుట్టువులకన్నా తక్కువున్నాయని 2008లో తేలింది. ఉప్సలాలో మడతలు లెక్కబెట్టిన జన్యువే అది.

మన దగ్గర సమస్య వేరు. ఇక్కడ తక్కువైంది చాలామందిలో బీ12. అది శాకాహారంలో పాలు, పెరుగుల్లో తప్ప దొరకదు. పెరుగు కూడా పలచటి మజ్జిగైపోయే ఇళ్లలో అది ఎంత అందుతుందో ఊహించుకోవచ్చు. పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ 1990ల నుంచి తల్లులనూ పిల్లలనూ గమనిస్తూ వచ్చారు. బీ12 తక్కువ, ఫోలేట్ ఎక్కువ ఉన్న తల్లుల పిల్లల్లో ఆరేళ్లకే ఇన్సులిన్‌కు ఒళ్లు సరిగా స్పందించడం లేదని 2008లో చూపించారు. అప్పటికే మాత్రలతో ఫోలేట్ నిండుగా అందుతోంది, బీ12ను ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థలో ఎం. రఘునాథ్ బృందం దీన్ని ఎలుకల్లో పరీక్షించింది. తల్లి ఎలుకలకు ఫోలేట్, బీ12 తగ్గిస్తే పిల్లలకు కొవ్వు ఎక్కువ పట్టింది. సీసీఎంబీలో గిరిరాజ్ చాందక్ బృందం మనుషుల రక్తంలో నేరుగా గుర్తులను చదివింది. బీ12 ఇచ్చినవాళ్లలో మధుమేహంతో సంబంధమున్న కొన్ని జన్యువుల మీద మిథైలేషన్ మారిందని 2018లో ప్రచురించింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ పరిశోధనలను పట్టుకుని, గర్భిణి ఏం తింటే, ఏం వింటే, ఏం ఆలోచిస్తే బిడ్డ జన్యువు ఎలా మారుతుందో చెప్తామంటూ తరగతులు నడిపేవాళ్లు బయల్దేరారు. రక్తంలో చదివిన గుర్తు క్లోమంలోనూ అలాగే ఉందని ఎవరూ అనలేరు. గుర్తు మారడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల గుర్తు మారిందా అన్నది చాలా చోట్ల విడదీయలేదు. మనిషిలో వీర్యకణం, అండం ఏర్పడేటప్పుడు, ఫలదీకరణ తర్వాత మరోసారి, గుర్తుల్లో అత్యధికం చెరిగి కొత్తగా పడతాయి. తాత ఆకలి మనవడి డీఎన్‌ఏ మీద అచ్చు పడిందని చెప్పేముందు ఆ రెండు చెరుపులనూ గుర్తు తెచ్చుకోవాలి. పైగా ఈ మాటల బరువంతా చివరికి తల్లి నెత్తినే పడుతోంది. ఆమెకు అందని గుడ్డు, పాలు ఆమె తప్పు కాదు.

ఆ తిండి అందితే ఏమవుతుందో హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో ఒక లెక్క ఉంది. 1987 నుంచి 1990 దాకా, 15 ఊళ్లలో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ అంగన్‌వాడీలో రోజూ ఉప్మా పెట్టారు: మొక్కజొన్న, సోయా పిండితో, సోయా నూనెలో. తల్లికి రోజుకు 500 కేలరీల దాకా, 20-25 గ్రాముల ప్రోటీన్. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికి రాలేదు. 2003-05లో పరిశోధకులు తిరిగి వెళ్లి, 13 నుంచి 18 ఏళ్ల వయసుకొచ్చిన పిల్లలను వెయ్యికి పైగా కొలిచారు. ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది, రక్తనాళాల బిగుతు తక్కువగా ఉంది. ఎపిజెనెటిక్ గుర్తులే దీనికి కారణమా అంటే ఆ పరిశోధన చెప్పలేదు. 1987లో బొడ్డుతాడు రక్తం దాచిపెట్టి మిథైల్ చదివే ఆలోచన ఎవరికీ లేదు. ఆ ఊళ్ల అధ్యయనం తర్వాత తల్లిదండ్రులనూ తోబుట్టువులనూ కలుపుకుని పెద్దదైంది. అప్పటి పసిపిల్లలకు ఇప్పుడు ముప్పయ్యయిదేళ్లు దాటాయి.

గుర్తులు చదవలేదన్న ఆ లోటును కొంత తీర్చిన పని ముంబైది. పేదవాడల్లో ఉండే స్త్రీలకు గర్భం రాకముందు నుంచే రోజూ ఒక చిరుతిండి ఇచ్చారు. ఒక గుంపుకు ఆకుకూరలు, పండ్లు, పాలతో చేసింది. మరో గుంపుకు బంగాళదుంప, ఉల్లిపాయ లాంటి వాటితో చేసింది. ఆ పిల్లల మిథైల్ గుర్తులను, ఆఫ్రికాలో గాంబియాలో ఇలాగే పుట్టిన పిల్లల గుర్తులను చాందక్ బృందం భాగస్వామిగా ఉన్న పరిశోధకులు చదివారు. కనిపించిన తేడాలు చిన్నవి. గాంబియాలో దొరికినవి ముంబైలో దొరకలేదు. ఎపిజెనెటిక్స్ గురించి గొప్పలు వినీ వినీ ఉన్నవాళ్లకు ఇది నిరాశగా తోస్తుంది. నాకు మాత్రం ఇలాంటి నిజాయితీ లెక్కలే ఈ శాస్త్రం మీద నమ్మకం పెంచుతున్నాయి. తిండి లెక్క మాత్రం చిన్నది కాదు. గర్భం రావడానికి కనీసం మూడు నెలల ముందు నుంచి ఆకుకూరల చిరుతిండి తిన్న తల్లుల బిడ్డలు సగటున 48 గ్రాములు ఎక్కువ బరువుతో పుట్టారు. గర్భకాల మధుమేహం రెండో గుంపులో 12.4 శాతం మందికి వచ్చింది, ఆకుకూరల గుంపులో 7.3 శాతం మందికే.